గొంతులో అడ్డం

ఒక వాక్యం చదివేశాక, చదవనట్టు మళ్ళీ కూర్చోవడం కుదురుతుందా? తనకు తానే ఈ ప్రశ్న వేసుకున్నప్పుడు బసవరాజు ఎక్కిన ధర్మవరం ప్యాసింజరు మలుగూరు దాటి, ఎవరికీ ఏ తొందరా లేనట్టు పోతూ ఉంది. ఒళ్ళో పుస్తకం తెరిచి ఉంది. దూరవిద్యలో పశువైద్య సాంకేతిక డిప్లొమా కోసం వాళ్ళు పంపిన పాఠాలలో చివరిది, పరీక్షకు రాదులే అని అతడు ఇన్నాళ్ళూ వదిలేసింది, ఈ పొద్దు దారిలో ఊరికే తిరగేసింది అదే పాఠం. కుక్కల గురించే అనుకున్న ఆ పాఠం తోకలో, చిన్న అక్షరాలలో, ఆవుల గురించి నాలుగు మాటలు ఉన్నాయి. చొంగ తీగలుగా కారుతూ, మేత మింగలేక, గొంతు మారి అరిచే పశువును చూసి, గొంతులో ఏదో అడ్డం పడిందని నోట్లో చేయి పెట్టరాదు. అది రేబిస్ కావచ్చునని మొదట అనుమానించాలి. వేలు ఆ వాక్యం మీద ఆగిపోయింది. ఆ వేలు నిన్న, ఇంచుమించు ఇదే పొద్దుకు, పెనుకొండ దగ్గర నారవంకపల్లిలో నల్లమ్మ ఆవు గొంతులో ఉండింది. వేలు ఒక్కటే కాదు, మోచేతి దాకా చేయి.

చేతిని చూసుకున్నాడు. ముంజేతి లోపలివైపు సన్నటి గీత ఉంది, ఆవు దవడపళ్ళు గీరుకున్న చోట. నిన్న అది గీత కూడా కాదు, ఒక ఎరుపు. హిందూపురం క్లినిక్కులో అతని ఉద్యోగమంతా ఈ చేతిదే. డాక్టరు కేశవమూర్తి సూది వేస్తాడు, కోస్తాడు, కుడతాడు, బసవరాజు పట్టుకుంటాడు. కుక్క మూతిని, మేక కాళ్ళను, దూడ చెవిని, ఒక్కోసారి ఏడుస్తున్న యజమాని భుజాన్ని కూడా. పశువును సరిగా పట్టుకోవడం వైద్యంలో సగమని మొదటి పాఠంలో చదివిన రోజు, తాను ఇన్నేళ్ళూ చేసిన పనికి ఎవరో పేరు పెట్టినట్టయి, ఆ పుటను భార్య రేఖకు రెండుసార్లు చదివి వినిపించాడు. సగం. ఆ మాట అప్పుడు ఎంత నిండుగా వినిపించిందో. మిగతా సగం ఎక్కడ ఉంటుందో, అది లేకుండా ఈ సగం ఎంత దూరం పోగలదో, పోతే ఎవరి గొంతులో పోయి ఆగుతుందో ఆలోచించలేదు. ఆవు గొంతు లోపల వేడిగా ఉండింది. నాలుక బరువుగా, తడి గోనెసంచిలా చేతి మీద వాలింది, నెట్టలేదు. ఆరోగ్యంగా ఉన్న ఆవు నాలుక పరాయి చేతిని నెడుతుంది; ఇది నెట్టలేదు. అప్పుడే అర్థం కావలసింది. నెట్టకపోవడాన్ని అతడు సాధుత్వం అనుకున్నాడు. గౌరి మంచి ఆవు అని నల్లమ్మతో అన్నాడు కూడా.

నిన్న అక్కడికి పోవలసిన పని అతనికి లేదు. డాక్టరు వారానికొక రోజు పెనుకొండలో ఒక గది తెరిచి చూస్తాడు. నిన్న బెంగళూరులో బంధువుల పెళ్ళికి పోతూ, గది తెరిచి కూర్చో, వచ్చినవాళ్ళను మళ్ళీ రమ్మని పంపించు అని మాత్రమే చెప్పాడు. సుంకప్ప వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. గొర్రెలు మేపుకునే మనిషి, నల్లమ్మ కొడుకు, క్లినిక్కుకు పాత పరిచయం. "ఆవు గొంతులో ఏందో ఇరుక్కుండాదన్నా. మొక్కజొన్న బెండో ఏందో. నీళ్ళు గూడా దిగల్లేదు" అన్నాడు. డాక్టరు లేడు, రేపు రా అనే మాట బసవరాజు నాలుక చివర దాకా వచ్చింది. రాలేదు ఎందుకు? సుంకప్ప మోటారుసైకిలు వెనక కూర్చొని వంక దాటి పోతున్నప్పుడు ఛాతీలో కదిలిన దాన్ని అతడు దయ అనుకున్నాడు. ఈ కిటికీ పక్కన, ఈ వాక్యం మీద వేలు పెట్టుకొని చూస్తే, అందులో దయ ఎంతో, నలుగురూ దారి ఇచ్చి నిలబడగా పశువు దగ్గరికి నడిచిపోవాలనే కోరిక ఎంతో విడదీయడం అతనికి చేతకావడం లేదు. మనసు తన పనులకు తానే పేర్లు పెట్టుకుంటుంది. పెట్టే ముందు ఎవరినీ అడగదు.

పాకలో నల్లమ్మ అప్పటికే చేయి పెట్టి చూసి ఉంది. ఆ ఊళ్ళో గొర్రె ఈనలేక కష్టపడితే ఆమెను పిలుస్తారు. అడ్డం తిరిగిన పిల్లను లోపలే సర్ది బయటికి తీసే చేయి కాబట్టి, ఏ పశువుకు ఏమైనా మొదట ఆ చేయి పడాలని ఒక నమ్మకం. చేయి మంచిదంటారు. "నా చేతికి అందల్లేదు నాయనా. నాది పొట్టి చెయ్యి. నీది పొడుగుండాది, నువ్వు సూడు" అంది. చేలకు కంప కొట్టి కొట్టి ఆ వేళ్ళ నిండా ముళ్ళ గీతలు. కొన్ని పాతవి, కొన్ని ఇంకా ఎర్రగా. బసవరాజు చేయి పెట్టాడు, ఏమీ తగల్లేదు, తీశాడు. సుంకప్పను పెట్టమన్నాడు. అతడూ పెట్టాడు. నల్లమ్మ మళ్ళీ పెట్టింది. "ఎవురి చేతికి దొరికితే ఆవు వాళ్ళదే పోండి" అని ఆమె నవ్వితే ముగ్గురూ నవ్వారు. ఆవు నవ్వలేదనే మాట ఇప్పుడు అతనికి తోచి, ఆ తోచడం మీదే అసహ్యం వేసింది. బహుశా లోపల వాచిందేమో, వెచ్చటి నూనె పట్టించి మళ్ళీ మళ్ళీ చేయి పెట్టి చూస్తూ ఉండండి, మెత్తబడితే జారుతుంది అని తానే చెప్పాడు. చెప్పిన గొంతు డాక్టరు గొంతులాగే ఉండింది. తొట్టి దగ్గర ఉత్త నీళ్ళతో చేయి కడుక్కొని, నల్లమ్మ పెట్టిన రాగిముద్ద, ఊరిబిండి పచ్చడి అదే చేత్తో తిన్నాడు.

ఆ ముద్ద తింటున్నప్పుడే ఆమె అసలు సంగతి చెప్పింది. ఎవరూ అడగకుండా, ఆవు గొప్పతనం చెప్పడానికి. ఆవు ఈనిన తరువాత పడే మావిని గడ్డిలో చుట్టి పాలు కారే చెట్టుకు కడితే పాలు నిలుస్తాయని అక్కడి పద్ధతి. కట్టే లోపల ఒక కుక్క ఆ వాసనకు పాకలోకి వచ్చింది. "ఇది మామూలు ఆవు కాదప్పా. మావికోసరం కుక్కొస్తే తరుముకునింది సూడు, మూతి మీద పీకినా ఇడిసిపెట్టలే" అని ఆమె చెబితే బసవరాజు తల ఊపాడు. ఈనింది ఎప్పుడమ్మా అని మర్యాదకు అడిగాడు కూడా. శివరాత్రి దాటినాక అంది. కుక్క కరిచాక రోగం బయటపడడానికి పాఠంలో చెప్పిన లెక్కకు ఆ వ్యవధి అచ్చంగా సరిపోతుంది. వినడం వేరు, చెవిన పడడం వేరు. చొంగ కళ్ళెదుట ఉంది, కుక్క కాటు చెవిన పడింది, మూతి మీది మచ్చ చేతికి తగిలే ఉంటుంది. పొగను చూసి నిప్పు ఉందని తెలుసుకోవడాన్ని తర్కం చదువుకునేవాళ్ళకు మొదటి రోజే చెబుతారు. అతడు ఆ పుస్తకాలు హిందూపురం గ్రంథాలయంలో ఎన్ని సాయంత్రాలు చదివాడు. జ్ఞానం ఎట్లా పుడుతుంది, భ్రమ ఎట్లా పుడుతుంది, తాడును చూసి పామనుకునేవాడి లోపల ఏం జరుగుతుంది అని ఎంత ఇష్టంగా చదివాడు. పామును చూసి తాడు అనుకొని చేత్తో పట్టుకునేవాడి గురించి ఆ పుస్తకాలు ఎక్కువ చెప్పలేదు. అక్కడ ఉదాహరణలో ఎవరూ చావరు.

సొంతూరు అగళిలో ఒక మేస్త్రీ చచ్చిపోయాడు. అప్పుడు బసవరాజు చిన్నవాడు. నాయన ఇంట్లో తెలుగులో మాట్లాడేవాడు, ఎద్దులతో కన్నడంలో మాట్లాడేవాడు. ఎందుకని అడిగితే, వాటిని కొన్నది మడకశిర అవతల కదా, వాటికి తెలిసిన మాటల్లో చెప్పాల గదా అనేవాడు. ఆ పొద్దు ఎద్దులకు కూడా ఏమీ చెప్పకుండా, కొట్టంలో కట్టేసి, వీధి చివరికి పోయాడు. వెనకాలే పోయిన బసవరాజు జనం కాళ్ళ సందులోంచి చూశాడు. మేస్త్రీని మంచానికి కట్టి ఉంచారు. కుక్క కరిచినప్పుడు మంత్రం వేయించారు, ఆకు తినిపించారు, గాయం మానింది, అందరూ మరిచిపోయారు. ఇప్పుడు అతడు నీళ్ళు అడుగుతున్నాడు. అతని భార్య లోటా తెస్తోంది. లోటా దగ్గరికి వచ్చేసరికి అతని మెడ తనంతట తానే వెనక్కి విరుచుకుపోతోంది, మళ్ళీ నీళ్ళు అడుగుతున్నాడు, ఆమె మళ్ళీ తెస్తోంది. మాటలు స్పష్టంగా ఉన్నాయి. మతి ఉంది. వాకిలి నిండా మనుషులున్నారు, వాళ్ళలో ఎద్దులకు నాడాలు కొట్టేవాడు ఉన్నాడు, పంచాయతీ పెద్ద ఉన్నాడు, అతని అన్నదమ్ములున్నారు, ఒక్కరూ గడప దాటి ఏమీ చేయలేకపోయారు, ఎందుకంటే చేయడానికి ఏమీ లేదు. లక్షణాలు కనిపించిన తరువాత చికిత్స లేదు అని ఈ పుస్తకం ఒక వాక్యంలో చెబుతోంది. ఆ వాక్యాన్ని బసవరాజు ఇరవై ఏళ్ళ కిందటే, అక్షరాలు లేకుండా, కాళ్ళ సందులోంచి చదివాడు. చదివీ.

"ఏమప్పా, చెయ్యి అట్ల సూసుకుంటాండావు. జాతకమా, గజ్జా?"

ఎదురు బల్ల మీది పెద్దమనిషి. హిందూపురంలో ఎక్కినప్పుడే తన పేరు ముత్యాలప్ప అని, ధర్మవరంలో పట్టుదారం వ్యాపారమని, మోకాళ్ళ నొప్పికి బస్సు పడదని, అడగకుండానే చెప్పినాయన. బసవరాజు చేతిని పుస్తకం కిందికి తోశాడు.

"పరీక్ష ఉండాదన్నా. చదువుకుంటాండా."

"ఈ వయసులో పరీక్షా? ఏం పరీక్ష?"

"పశువులది. పశువుల ఆస్పత్రి పని."

"అయితే మనుషులకంటే నయమే. బాగయినా బాగలేదని చెప్పవు" అని ముత్యాలప్ప తన మాటకు తానే మెచ్చుకొని, ఒడిలోని పొట్లం విప్పి ఉడకబెట్టిన చెనిక్కాయలు ముందుకు చాచాడు. "తిను. కడుపులో ఏమన్నా ఉంటేనే బుర్రలోకి ఎక్కేది."

బసవరాజు ఎడమచేయి చాచాడు. పెద్దమనిషి చేయి గాలిలో ఆగింది. "ఎడంచేత్తో తీసుకుంటావా అబ్బా? పెండ్లాం నేర్పలే, అమ్మన్నా నేర్పలేదా?" కుడిచేతికి దెబ్బ తగిలిందన్నా అన్నాడు బసవరాజు. అబద్ధం కాదు, నిజమూ కాదు. ముత్యాలప్ప కాయలను అతని ఒళ్ళోని పుస్తకం మీద పోసి, మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. కాయలు ఆ వాక్యం మీద కుప్పగా పడ్డాయి. కింద అది కనబడలేదు, కనబడకపోయినా పోలేదు.

డాక్టరుకు ఫోన్ చేశాడు. అటువైపు నాదస్వరం, పిల్లల కేకలు. కేశవమూర్తి ఎక్కడికో పక్కకు జరిగి, చెప్పు బసవా అన్నాడు. చెప్పాడు. పాక, చొంగ, మింగలేకపోవడం, మావి, కుక్క. చివరకు చేయి. "గ్లవ్స్ ఏసుకోలేదా?" లేదు సార్. "నిన్ను ఎవరు పొమ్మన్నారు?" అని అడగలేదు, అడిగి ఉంటే బాగుండేది, తిట్టి ఉంటే ఇంకా బాగుండేది. ఆయన న్యాయంగా మాట్లాడాడు. కావచ్చు, కాకపోవచ్చు. ఆవు చచ్చిపోయాక తల పరీక్షకు పంపితేనే తేలేది. ఇంజెక్షన్లు మాత్రం వేయించుకోవలసిందే, నువ్వూ వాళ్ళూ. "పరీక్ష రాసెయ్. రాసినాక ధర్మవరంలోనే మొదటిది ఏయించుకో. నాలుగు గంటల్లో ఏం కాదు. వాళ్ళకు ఫోన్ చేసి చెప్పు, చాలు." ఒక మనిషి చెప్పగలిగిన దానిలో ఇంతకంటే సరైనది లేదు. ఫోను పెట్టేశాక బసవరాజుకు ఊపిరి ఆడింది. చాలు అనే మాట ఎంత మెత్తగా ఉంది, తల పెట్టుకొని పడుకోవచ్చు.

ఎందుకంటే ఈ పరీక్ష పోతే ఇంకొకటి లేదు. నమోదు గడువు దీనితో ముగుస్తుంది. నిరుడు ఆవులకు గడ్డల రోగం వచ్చి, క్లినిక్కు వాకిలి సంతలా ఉన్న రోజుల్లో డాక్టరు సెలవివ్వలేదు, ప్రాక్టికల్ తప్పింది. ఇది తప్పితే మొదటి పాఠం మొదటి వాక్యం నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. మొదలుపెట్టే ఓపిక తనలో మిగిలి ఉందో లేదో అతనికి తెలియదు. సర్టిఫికెట్ వస్తే ధర్మవరంలో పెట్టబోయే క్లినిక్కు నీకే అప్పగిస్తానన్నాడు డాక్టరు. లేకపోతే ఆ సర్టిఫికెట్ ఉన్న ఇంకొకడు వస్తాడు, వాడు సూది వేస్తాడు, బసవరాజు పట్టుకుంటాడు. దూరవిద్య. ఎక్కడో ఒక భవనంలో ఎవరో మాట్లాడితే, ఆ మాటలు పోస్టులోనూ ఫోను తెరలోనూ వచ్చి, కుక్కల మొరుగుడు మధ్య, మందుల అలమర పక్కన స్టూలు మీద అతణ్ణి చేరేవి. ఆవు అంటే వీడియోలో నునుపైన గచ్చు మీద, నంబరు బిళ్ళ తగిలించుకొని కదలకుండా నిలబడే ఆవు. దానికి నల్లమ్మ లేదు, మావి లేదు, మావి కోసం వచ్చిన కుక్క లేదు. సందేహం వస్తే చేయి ఎత్తి అడగడానికి ఎదురుగా ఎవరూ లేరు. రేఖ ఒక్కతే ఎదురు. రాత్రి వంట చేస్తూ పుస్తకం పొయ్యి గట్టు మీద తెరిచి పెట్టుకొని ప్రశ్నలు అడిగేది. జవాబు తప్పితే, నీ చేతిలో పడిన కుక్క గతి ఏమిరా దేవుడా అని పైకి చూసేది. ఈ చివరి పాఠం దగ్గర, ఇది రాదులే, వదిలెయ్ అన్నది తానే. ఆమె, ఒకసారి చదివితే ఏంబోతాదీ అంది. ఏంబోతాదో ఇప్పుడు తెలిసింది. ఈ పొద్దు ఇస్త్రీ చొక్కా గుండీలు ఆమే పెట్టింది. పెడుతూ ఉంటే ఈ చేతితో ఆమె చెంప ముట్టుకున్నాడు. ముట్టుకుంటే రాదు. రాదని పుస్తకంలో ఉంది. అయినా పుస్తకం కిందనున్న ఆ చేయి ఎవరిదో అన్నట్టు చల్లబడింది.

కాకపోవచ్చు. గాలికుంటు కావచ్చు, నోట్లో పుండ్లకు కూడా చొంగ కారుతుంది. నిజంగానే బెండు ముక్క ఉండి, ఈపాటికి జారిపోయి, గౌరి గడ్డి నములుతూ ఉండవచ్చు. అట్లా అయితే, దిగిపోయి, పరీక్ష పోగొట్టుకొని, ఊరంతా భయపెట్టి, చివరకు ఆవు చేతిలో వెర్రివాడైన బసవరాజును ఎవరు మన్నిస్తారు? నల్లమ్మ నవ్వుతుంది, ముద్ద పెడుతుంది. రేఖ నవ్వదు. కాకపోవచ్చు అనే మాట చక్రాల కింద కూడా వినబడుతోంది, కావచ్చు అనేదీ అదే చక్రాల కింద. ఒక్క నిశ్చయం కోసం మనసు ఎంత తిరిగినా, నిశ్చయం ఆవు తలలో ఉంది, ఆవు చస్తేనే బయటికి వస్తుంది. అప్పటిదాకా తెలుసుకోవడానికి దారి లేదు. తెలియకుండానే ఏదో ఒకటి చేయాలి. ఏమీ చేయకుండా కూర్చోవడం కూడా, పట్టాల మీద కదులుతున్న ఈ బల్ల మీద, ఒక పనే.

చాకర్లపల్లిలో బండి ఆగినప్పుడు సుంకప్ప ఫోను కలిసింది. "అన్నా, నీకే చేద్దామనుకుంటాండా" అన్నాడు. వెనక ఏదో శబ్దం. మనిషిదో పశువుదో పోల్చుకోవడానికి ఒక క్షణం పట్టింది. "ఇంటాండావా? పొద్దుట్నుంచీ ఒకటే అరుపు. గొంతు బొంగురుబోయి యట్లనో వస్తాండాది. పైవీధోళ్ళు గూడా వచ్చిండారు. తలా ఒక చెయ్యి ఏస్తే యాడో ఒకచోట దొరక్కుండా పోతాదా అని."

"వద్దు. ఎవరూ నోట్లో చెయ్యి పెట్టొద్దు సుంకప్పా. చెప్పేది విను. అది పిచ్చికుక్క రోగం కావచ్చు. పెట్టినోళ్ళంతా సబ్బుతో బాగా కడుక్కొని ఆస్పత్రికి పోవాల. ఇప్పుడే."

అటువైపు ఎవరో నూనె గిన్నె అడుగుతున్నారు, ఎవరో దూడను పక్కకు ఈడ్చమంటున్నారు. ఆ సందడి మధ్య సుంకప్ప నవ్వాడు, కోపంగా కాదు, హాస్యం అర్థం కానివాడి నవ్వు.

"నిన్న నువ్వే కదన్నా పెట్టమంటివి."

"నిన్న నాకు తెలీదు."

"తెలీకుండానే పెట్టమంటివా?" అని, అంతలో అటు తిరిగి, "ఉండండబ్బా, ఆయప్ప ఏందో చెప్తాండాడు" అన్నాడు. "ఏం లేదులేన్నా, మా యమ్మ పెడతాంది, ఆయమ్మ చెయ్యి మంచిది." మీ యమ్మకియ్యి ఫోను అని బసవరాజు అంటూ ఉండగానే ఫోను తెగిపోయింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ చేశాడు. అందుబాటులో లేరని ఒక ఆడగొంతు తెలుగులోనూ, ఇంగ్లీషులోనూ, ఎంతో శాంతంగా చెబుతూ పోయింది. బండి కదిలింది.

నువ్వే కదన్నా. ఆ మాటలో నింద లేదు, అందుకే దాన్ని తోసేయడానికి పట్టు దొరకడం లేదు. నమ్మకం మాత్రమే ఉంది. నిన్న ఒక మనిషి వచ్చి, చొక్కా చేతులు మడిచి, చేయి పెట్టి చూసి, పెడుతూ ఉండండి అని చెప్పాడు. ఆ మనిషి ఇంకా ఆ పాకలోనే ఉన్నాడు. గిన్నెలో నూనె వెచ్చబెట్టిస్తున్నాడు, పైవీధివాళ్ళకు దారి ఇస్తున్నాడు, ఇప్పుడు మీరు, తరువాత మీరు అని ఒక్కొక్కరినీ పిలుస్తున్నాడు. అతనికి ఈ పుస్తకం తెలియదు. ఫోనులో వచ్చే గొంతు కంటే అతడు ఎక్కువ నిజం, ఎందుకంటే అతడు చేయి పెట్టి చూపించాడు. మాటను మాట కొట్టేయవచ్చు. చేసి చూపిన దాన్ని మాట కొట్టేయలేదు. నిన్నటి బసవరాజును ఆ పాకలోంచి బయటికి పిలుచుకొని రావడానికి ఈనాటి బసవరాజు తప్ప ఇంకెవరున్నారు? డాక్టరు రాడు. ఆస్పత్రివాళ్ళు తమ దగ్గరికి వచ్చినవాళ్ళకు సూది వేస్తారు, రానివాళ్ళ పాకలు వెతకరు. ఇంతా చేసి గౌరికి ఏమీ చేయలేడు. ఆ అరుపు ఇంకా ఎంతసేపో, ఎన్నాళ్ళో, ఎవరి చేయీ దాన్ని చేరదు, నూనె చేరదు, నీళ్ళు చేరవు. పోయినా అతడు పట్టుకోవడానికి కూడా వీల్లేదు. చేతనైన ఆ ఒక్క పనీ ఇక్కడ నిషిద్ధం. దూరంగా నిలబడి, ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా కాచుకోవడం. అగళిలో వాకిలి నిండా నిలబడినవాళ్ళలాగే. తేడా ఒకటే: వాళ్ళు వచ్చేసరికి ఆలస్యమైంది. ఇక్కడ ఆవుకు ఆలస్యమైంది, మనుషులకు ఇంకా కాలేదు.

కిటికీలో పెనుకొండ కొండ కనిపించింది, కోటగోడ దాని నడుముకు పాత బెల్టులా. కార్ల ఫ్యాక్టరీకి పోయే కుర్రవాళ్ళు సంచులు సర్దుకొని లేచారు. నాలుగు గంటల్లో ఏం కాదు అన్నాడు డాక్టరు. తనకు కాదు, నిజమే; పరీక్ష రాసి, సూది వేయించుకొని, సాయంత్రం ఫోను కలిస్తే చెప్పవచ్చు, ఎవరూ తప్పు పట్టరు. తప్పు పట్టేవాళ్ళు లేకపోవడమే అన్నిటికంటే భయంగా ఉంది. ఈ నాలుగు గంటల్లో ఆ నోట్లోకి పోయే చేతులను అతడు లెక్కపెట్టలేడు; ఎవరి వేలికి ముల్లు గీత ఉందో, ఎవరు చేయి కడుక్కుంటారో, ఎవరు నవ్వి వదిలేస్తారో, గాయం మానాక ఎవరు మరిచిపోతారో చెప్పలేడు. పెట్టిన ఒక్కొక్క చేయీ తాను పెట్టమన్నందుకే పెట్టినట్టు. దీనికి కారణాలు ఇంకా వెతికితే దొరుకుతాయి, అటు ఇటూ సమానంగా. వెతుకుతూ ఉంటే ధర్మవరం వస్తుంది. అతనికి అర్థమైంది, తాను ఇంతసేపూ ఆలోచిస్తున్నది ఏం చేయాలా అని కాదు, దాన్ని చేయకుండా ఉండటానికి ఇంకా ఎంత దారి మిగిలిందా అని.

దారి అయిపోయింది. బండి ఆగింది.

బసవరాజు పుస్తకం మీది చెనిక్కాయలను ఎడమచేత్తో జాగ్రత్తగా తీసి ముత్యాలప్ప పక్కన బల్ల మీద పెట్టి, పుస్తకం సంచిలో వేసుకొని లేచాడు. "ఇది పెనుకొండప్పా. ధర్మవరం ఇంగా శానా దూరం" అన్నాడు పెద్దమనిషి, అలక మరిచిపోయి. తెలుసునన్నా అని దిగాడు. ప్లాట్‌ఫారం మీద ఒక్క క్షణం, వెనక బండి కూత వేసినప్పుడు, తిరిగి ఎక్కడానికి సరిపోయేంత సమయం ఇంకా ఉందని ఒళ్ళు చెప్పింది. తలుపు కమ్మీ చేతికి అందేంత దగ్గరలో జరుగుతూ పోయింది. అతడు స్టేషను బయటికి నడిచాడు, నడక చాలక పరుగెత్తాడు.

వేపచెట్టు నీడలో ఒక ఆటో ఉంది. యాడికన్నా అన్నాడు డ్రైవరు, బీడీ పారేసి.

"నారవంకపల్లి. తొందరగా పోవాల."

"పొయ్యేది మాత్రమేనా, మళ్ళా వచ్చేది ఉండాదా?"

"ఉండాది. ఆడినుంచి పెనుకొండ గవర్నమెంటు ఆస్పత్రికి."

"ఎంతమంది?"

బసవరాజు ఎక్కి కూర్చున్నాడు. "పొయ్యేటప్పుడు నేనొక్కణ్ణే. వచ్చేటప్పుడు తెలీదప్పా. ఎంతమంది చెయ్యి పెట్టింటే అంతమందిమి."

డ్రైవరు అద్దంలో ఒకసారి అతని మొహం చూసి, బండి తీశాడు.